చీమలెక్కిన యుద్ధవిమానం

తమ్ముడూ, తలుపు తియ్యగానే కేకలు పెట్టకు. నీ బొమ్మ యుద్ధవిమానానికి చీమలు పట్టాయి. ఆకుపచ్చ రంగు ఆరకముందే రెక్కలెక్కి, సగం దండు అక్కడే అంటుకుపోయింది. రంగు పూర్తిగా ఆరాక పట్టకారుతో చీమల్ని తీయించి, సన్నటి గరుకు కాగితంతో రుద్ది మళ్ళీ వెయ్యి. రేపటి పోటీకి అందుతుంది. నువ్వు సొంతంగా కనిపెట్టిన ఆ అడవి మచ్చలు బాగున్నాయి. ఎదురుగా మాత్రం చెప్పను.

"అక్కే ఏదో తీపి ఒలకబోసి ఉంటుంది" అని నాన్న వెంటనే నా మీదకు తోసేశారు. నువ్వూ అదే అంటావని తెలుసు. కానీ రంగులు కలవకుండా హద్దుల వెంట నువ్వు అంటించిన పిండి తాళ్ళకే చీమలు పట్టాయి. అమ్మ కలిపిపెట్టిన గోధుమపిండి ముద్దలోంచే గిల్లుకున్నావుగా? అమ్మ ఓ ముక్క నాలుక మీద పెట్టుకుంది. తియ్యగా ఉందట! నాన్నకు షుగరని తేలినప్పటి నుంచి చక్కెర డబ్బా అటక మీదే ఉంటోంది. అది నీకూ అందదు, నాకూ అందదు.

బస్సు టైమైంది, వెళ్తున్నా.

అన్నట్టు, చీమలు నువ్వు ఏరక్కర్లేదు. నేను చెప్పులేసుకుంటుంటే అమ్మ ముందుగదిలోకి కేకేసింది: "ఏమండీ, ఆ పేపరు పక్కనపెట్టి కళ్ళజోడుతో ఇటు రండి! పిండిలో చక్కెర కలిపిన దొంగ మీరే!"