బాగుపడిన కంప్యూటరుపై ఫిర్యాదు

గద్వాలలోని కంప్యూటర్ల విభాగం అధికారి గారి సముఖమునకు,
బీచుపల్లి దగ్గరి నీటి మట్టం గదిలో గేజి చూచు మద్దిలేటి సమర్పించుకొను అర్జీ.

అయ్యా,

విషయం: మా గది కంప్యూటరు ఏ ఇబ్బందీ లేకుండా పనిచేయుచున్నందున కలిగిన ఇబ్బంది గురించి.

1. రోజూ పొద్దున కృష్ణలో నీటి మట్టం చూసి వెబ్‌సైటులో ఎక్కించుట నా విధి. గదిలో ఉండేది నేనొక్కడినే. సదరు కంప్యూటరు లోపలి చిన్న బ్యాటరీ చచ్చి ఉండినందున, కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ దాని తారీఖు 2015కు పోయేది. తారీఖు తప్పితే బ్రౌజరు ఏ వెబ్‌సైటునూ నమ్మదట. "మీ కనెక్షన్ సురక్షితం కాదు" అని చూపించి ఆగిపోయేది. ఇంకో బ్రౌజరు ఉన్నది గాని, అది మరీ పాతది. అందులో మన వెబ్‌సైటు తెరుచుకోదు.

2. కరెంటు పోని రోజు లేదు కాబట్టి ప్రతిరోజూ తమ హెల్ప్‌డెస్కుకు ఫోను చేయవలసి వచ్చేది. రోజా అను అమ్మాయి ఎత్తేది. "కాకా, తిన్నవా?" అనేది ముందు. ఆ తరువాతే "జర తారీఖు చూడు, మల్ల ఎన్కకు పోయిందా?" అనేది. తారీఖు మార్పించి, క్యాష్ అను పాత పేజీల నిల్వ తుడిపించి, పాపప్‌లకు అనుమతి ఇప్పించి, పేజీ వచ్చేదాకా లైనులోనే ఉండేది.

3. నా భార్య మల్లమ్మ కాలం చేసినప్పటి నుండి పొద్దున వండుకొనుట మానివేసితిని. 2015లో ఆమె బతికే ఉండినది గనుక ఆ తారీఖుపై నాకు ఫిర్యాదు లేదు. రోజా మొదటిసారి అడిగినప్పుడు తిన్నానని చెప్పితిని. "ఏం కూర?" అన్నది. తారీఖు మార్చితినని మాట తప్పించితిని. ఆ పిల్లకు మళ్లీ అబద్ధం చెప్పబుద్ధి కాక, మరునాటి నుండి పొయ్యి వెలిగించి, తిని, ఆ తరువాతే కంప్యూటరు ఆన్ చేసేవాడిని. తారీఖు మార్చుకొనుట నాకు ఎప్పుడో వచ్చేసినది. అయినా ఫోను చేసేవాడిని.

4. ఇట్లుండగా తమరు పంపిన క్రాంతి కుమార్ వచ్చి, బ్యాటరీ మార్చి, కొత్త బ్రౌజరు వేసి, సెట్టింగులన్నీ సరిచేసి పోయినాడు. పనిమంతుడు. చాయ్ తాగమన్నా ఆగలేదు. "ఇగ నీకు ఎవ్వరికి ఫోన్ చేసే పరేషాన్ లేదు కాకా" అన్నాడు. అతని మాట పొల్లుపోలేదు.

5. ఇప్పుడు నొక్కగానే పేజీ వస్తుంది. మట్టం ఎక్కిస్తే "విజయవంతం" అంటుంది. ఇక సాయంత్రం దాకా నాతో మాట్లాడే మనిషి లేడు. హైవే మీద లారీలు పోతూనే ఉంటాయి, ఒక్కటీ ఆగదు. అయ్యా, ఒంటరితనానికి ఏ విభాగంలో అర్జీ పెట్టాలో తెలియక తమకు పెడుతున్నాను.

6. ఒకరోజు ఉండబట్టలేక ఫోను చేసితిని. "ఏమైంది కాకా, ఏం ప్రాబ్లం?" అన్నది. ఏమీ లేదంటిని. "మంచిగైంది పో!" అని సంతోషపడి, వేరే ఫోను వస్తున్నదని పెట్టేసింది. తిన్నవా అని అడగలేదు. ఆమె తప్పేమీ లేదు. ఆనాటి నుండి పొద్దున పొయ్యి వెలిగించలేదు.

కావున ఏలినవారు దయతలచి, కొత్త బ్యాటరీ తీయించి పాతదే పెట్టించి, కంప్యూటరును మునుపటి స్థితికి తేగలందులకు ఈ చిన్నవాని మొర పెద్ద మనసుతో చిత్తగించవలెను.

తమ విధేయుడు,
మద్దిలేటి

తా.క.: సార్, బ్యాటరీ సంగతి కొట్టెయ్యిండ్రి. బాగైనదాన్ని పాడు చెయ్యమనుడు తప్పే. ఇప్పుడే మట్టం ఎక్కించిన. కొత్త పేజీ "మీ సమస్య తీరిందా?" అని అడిగింది. లేదు అని నొక్కిన. రేపు పొద్దుగాల హెల్ప్‌డెస్కు మనిషి ఒకరు ఫోన్ చేస్తరని వచ్చింది. రోజానే చేస్తదో, ఇంకెవరు చేస్తరో తెల్వదు. దోసెడు బియ్యం ఏరి పెట్టుకున్న. ఫోన్ రాకముందే తింట.