ఇద్దరికీ ఒకటే లైటు

ధర్మసాగర్,
నవంబరు 1978

రాజమల్లన్నకు,

ఈ ఉత్తరం నీకు సరస్వతే చదివి వినిపిస్తుందని తెలుసు. బిడ్డా, నాయనకు మెల్లగా చదువు. మధ్యలో లేచి బయటికి పోతే మళ్లీ పిలిచి కూర్చోబెట్టు.

బడికి పోనివాణ్ణి, మిర్చి బస్తాల మీద పేర్లు చూసి అక్షరాలు నేర్చుకున్నవాణ్ణి. మిర్చి దుకాణంలో గుమస్తాగా రోజూ లెక్క రాసుకునే అలవాటుంది గాని ఉత్తరాలు రాసే అలవాటు లేదు. నాకు ఉత్తరం రాయవలసిన మనిషి ఇన్నాళ్లూ పక్కనే ఉన్నాడు.

నువ్వు ఏటూరునాగారం పోయిన తర్వాత దుకాణంలో నీ కాంటా దగ్గర కొత్త మనిషిని పెట్టారు. మంచివాడే. ఎక్కువ మాట్లాడుతాడు. పొద్దుగూకే వేళకు నేను ఒక్కణ్ణే సైకిలు తీస్తున్నాను. హనుమకొండ, కాజీపేట దాకా దుకాణాల వెలుతురు ఉంటుంది. ఆ తర్వాత మన రోడ్డు సంగతి నీకు తెలిసిందే. టార్చిలైటును పాత ట్యూబు పట్టీలతో హ్యాండిలుకు కట్టుకున్నాను. గతుకు వచ్చినప్పుడల్లా అది తల దించుకుని నా పాదాలే చూపిస్తుంది.

ఇన్నేళ్లూ నాకు లైటు లేదు. నీ డైనమో లైటులోనే నేనూ వచ్చాను. నువ్వు కుడివైపు కొంచెం వెనకగా తొక్కేవాడివి, వెలుతురు నా ముందు కూడా పడేటట్టు. హనుమకొండ చౌరస్తాలో పోలీసు జవాను ఆపి, "రెండు సైకిళ్లకు ఒక్క లైటేందిరా?" అంటే, "ఇద్దరం ఒక్క దిక్కే పోతానం గద సారూ" అన్నావు. లైటు లేదని నా టైరులో గాలి తీయబోయినవాడల్లా నవ్వి వదిలేశాడు. నా గొలుసు ఊడిన సాయంత్రం నువ్వు సైకిలు దిగలేదు. ఆగితే లైటు ఆరిపోతుందని, నేను గొలుసు ఎక్కించేదాకా నా చుట్టూ గుండ్రంగా తొక్కుతూనే ఉన్నావు. స్టాండు వేసి చేత్తో పెడలు తిప్పినా వెలుగుతుందని తర్వాత సైకిల్‌షాపు యాదగిరి చెప్పాడు. అయినా నువ్వు తిరగడం మానలేదు.

అటువంటి మనిషివి, ఊరి మలుపు దగ్గర "రేపటి సంది రాను తమ్మీ, బిడ్డ కాడికి పోతాన" అని ఒక్క మాట చెప్పి నీ సందులోకి తిరిగిపోయావు. నీతో లైటూ పోయింది. అక్కడి నుంచి మా ఇంటిదాకా సైకిలు నడిపించుకుంటూ పోయాను. అంతేనా అన్నా? ఇది అడగకూడదని చాలా రోజులు అనుకున్నాను.

రాంచందర్ సేటు ఒక మాట అన్నాడు. "ఒక్కనివి ఆ చీకట్ల ఎందుకు పడి సస్తవ్ వెంకట్రాజం? గోదాములనే పండు. పొద్దుగాల తాళం సుత నువ్వే తీస్తవ్." నెలాఖరుకు జవాబు చెప్పాలి. నీ మరదలు సుగుణ పోయిన తర్వాత ఇంట్లో నాకోసం చూసేవాళ్లు లేరు, కాబట్టి సేటు అన్నదాంట్లో తప్పు లేదు. కాని ఒకసారి గోదాములో పడుకోవడం మొదలుపెడితే ఇక ఊరికి రానని నాకు తెలుసు.

వెంకట్రాజం

*

ధర్మసాగర్,
నవంబరు 1978

రాజమల్లన్నా,

నీ జవాబు రాలేదు. వచ్చేదాకా ఆగుదామనుకున్నాను, ఆగలేకపోయాను.

మొన్న కాజీపేట దాటినాక గతుకులో టార్చి ఊడి పడింది. దాని కోసం చూసేలోపే ముందున్న గడ్డి బండికి పోయి గుద్దుకున్నాను. గడ్డి కాబట్టి దెబ్బ తగల్లేదు. బండాయన లేచి, "కండ్లు కనవడ్తలేవా?" అన్నాడు. "బండికి లాంతరు కట్టవా?" అన్నాను. "నాకెందుకు లాంతరు? ఎడ్లకు తొవ్వ ఎరుకే" అన్నాడు. నిజమే, ఆయన నిద్రలోనే ఇంటికి పోతున్నాడు. నాకు నవ్వు వచ్చింది. పక్కకు తిరిగి నీకు చెప్పబోయాను.

ఆ రాత్రే పెట్టె తెరిచాను. సరస్వతీ, ఇక్కడ నవ్వకు బిడ్డా.

నీకు జ్వరం వచ్చి వారం రోజులు దుకాణానికి రాని ఏడు గుర్తుందా? అప్పుడు యాదగిరి దగ్గర నేనూ ఒక డైనమో సెట్టు కొన్నాను. మర్నాడు బిగించుకుందామనుకుంటే ఆ మర్నాడు నువ్వు వచ్చేశావు. సెట్టు అట్టడబ్బాలోనే ఉండిపోయింది. సుగుణ చీరెల కింద పెట్టాను. అందరూ నన్ను పిసినారి అనుకున్నారు. అనుకోనిచ్చాను. నాకూ లైటు ఉంటే నేను నీకోసం కాంటా దగ్గర నిలబడవలసిన పని లేదు. నువ్వు నాకోసం మెల్లగా తొక్కవలసిన పని లేదు. ఎవరి లైటుతో వాళ్లం, ఎవరి వేళకు వాళ్లం పోయేవాళ్లం. అది నాకు ఇష్టం లేకపోయింది. ఈ మాట నోటితో చెప్పగలిగే మనిషిని కాను.

పెట్టెలోంచి తీసిన ఆ సెట్టును మర్నాడు యాదగిరి బిగించాడు. "కాకా, లైటు జర కిందికి వంచుకో. ఎదురొచ్చెటోని కండ్లల్ల కొట్టద్దు. నీ ముందటి గుంత అవుపడితే సాలు" అన్నాడు. మీట నొక్కితే డైనమో తల టైరుకు ఆనింది. రెండడుగులు తొక్కానో లేదో సైకిలు బరువెక్కింది. వెనక ఎవరో ఎక్కి కూర్చున్నారేమో అనుకుని తిరిగి చూశాను.

అప్పుడు తెలిసింది అన్నా. "ఇట్ల తొక్కితే తెల్లారుతది" అని నిన్ను ఎన్నిసార్లు ఆటపట్టించాను! ఆ బరువంతా నువ్వు మన ఇద్దరికోసం తొక్కావు, ఆ నొప్పి మోకాళ్లతో. ఒక్కనాడైనా "డైనమో గుంజుతాంది" అని చెప్పలేదు.

ఇప్పుడు రోడ్డు బాగా కనబడుతోంది. పక్కన ఎవరూ లేరన్నది కూడా బాగా కనబడుతోంది. సేటుకు సరే అంటాననుకుంటున్నాను.

నీ లైటులో నడిచిన
వెంకట్రాజం

*

ఏటూరునాగారం,
నవంబరు 1978

బాబాయికి,

నాయన చెప్పింది చెప్పినట్టే రాయమన్నాడు, రాస్తున్నాను. – సరస్వతి

తమ్మీ, నా మోకాళ్లు అట్లనే ఉన్నయి. నీ మొదటి ఉత్తరం బిడ్డ సదివితే ఇన్న. ఏం రాయాల్నో తెల్వక ఊకున్న. రెండోది ఇన్నంక ఊకుంట లేను.

నువ్వు డబ్బ కొన్న సంగతి నాకు అప్పుడే ఎరుకే. జ్వరం తగ్గి వస్తుంటె యాదగిరి అడిగిండు, "మీ గుమస్తా లైటు కొన్నడు, బిగించనీకి ఎందుకు తెస్తలేడే?" అని. నాకు సమజైంది. నిన్ను అడగలే. అడిగితే సిగ్గుపడి బిగించుకుంటవని అడగలే. బిడ్డ పెండ్లయి పోయినంక నాకు సుత ఎవలున్నరు, ఆ రోడ్డు తప్ప?

మలుపు కాడ ఇంకో మాట మాట్లాడితే నేను ఇక్కడికి రాకపోదును. గందుకే తిరిగి సూడలే.

గోదాముల పండకు. ఆ మిర్చి ఘాటుకు నీకు దగ్గు లేస్తది. ఇంకోటి, ఎన్క మడ్గాడుకు, ఎలుగు పడితే మెరిసే ఎర్ర బిల్ల పెట్టించు. ముందటి లైటు నీకు తొవ్వ సూపుతది. నిన్ను లారోనికి సూపేది ఎర్ర బిల్లనే. ఇన్నొద్దులు నీ ఎన్క నేనుంటి.

నీ రాజమల్లు

*

ధర్మసాగర్,
డిసెంబరు 1978

అన్నా,

నీ ఉత్తరం దుకాణంలో అందింది. బస్తాల చాటుకు పోయి చదివాను. తర్వాత సేటుతో గోదాము వద్దని చెప్పాను. "నీ ఇష్టం, మల్ల నన్ను అనకు" అన్నాడు.

ఎర్ర బిల్ల పెట్టించాను. తొక్కేటప్పుడు అది నాకు కనబడదు. ఉన్నదని మాత్రం తెలుసు.

మొన్న కాజీపేట దాటగానే వెనక సైకిలు చప్పుడైంది. మన ఊరి మొగిలి, రైల్వే క్యాంటీనులో చేరాడట. లైటు లేదు. నా పక్కకు వచ్చి, "కాకా, నీ ఎలుగుల వస్త" అన్నాడు. నేను కుడివైపుకు జరిగి కొంచెం వెనకపడ్డాను. కొంతదూరం పోయాక వాడు తిరిగి, "జర తొక్కు కాకా, ఇట్లయితే తెల్లారుతది" అన్నాడు. నేను డైనమో సంగతి చెప్పలేదు.

అప్పటి నుంచి రోజూ కాజీపేటలో నాకోసం నిలబడుతున్నాడు. వాడు నువ్వు కాదు. ఇంటికి పోయాక పొయ్యి నేనే వెలిగించుకోవాలి. కాని మలుపు దాకా బాగానే ఉంటోంది.

నిన్న మలుపు దగ్గర, "జీతం రాంగనే నేను సుత లైటు కొంట కాకా" అన్నాడు. ఎర్ర బిల్ల మాత్రం రేపే పెట్టించుకోమన్నాను. ముందటి లైటుకు తొందరేమీ లేదన్నాను.

నీ తమ్ముడు
వెంకట్రాజం