ఉల్లిపొట్టు కార్డులు

9 ఏప్రిల్ 2007, సోమవారం. ఉదయం 6.10
మా గృహప్రవేశం కార్డులు అచ్చుకు ఇచ్చేది లేదు! కాగితం నేనే చేస్తాను, అదీ చెత్తతో. నేను గుమాస్తాగా ఉన్న ఇంజనీరింగ్ కాలేజీ మెస్సులో రోజూ బస్తాడు ఉల్లిపొట్టు పారేస్తారు. దాన్ని ఉడికించి, నానిన పాత పేపర్లతో కలిపి రుబ్బి, జాలీ మీద పోసి ఎండబెడితే కాగితం. ఎక్కడో చదివాను. ఇబ్రహీంపట్నమంతా వెంచర్ల వాళ్ల రంగురంగుల కార్డులే. అన్నీ రోడ్డు మీదే పడుంటాయి. మాది ఎవరూ పారేయరు!
ముహూర్తం 29న. అరవై కార్డులు. రోజుకు పది. ఎంతసేపు?

రాత్రి 8.00
మంజులకు చెప్పాను.
"హయత్‌నగర్ల మంచి కార్డులు చూసొచ్చిన. బంగారు అక్షరాలు," అంది నా భార్య.
"నా మీద నమ్మకం లేదా?"
"ఇరవై తారీఖుకల్లా నా చేతుల పెట్టాలె. గంతే."

10 ఏప్రిల్. సాయంత్రం 5.30
మెస్సులో వంట చేసే యోబును పొట్టు అడిగాను.
"ఎన్ని బర్లున్నయి సారూ మీకు?"
"బర్రెలు లేవు. కాగితం చేస్తా."
"జర నీడకు కూసోండి సారూ, ఎండ మస్తుగున్నది," అని మజ్జిగ ఇచ్చాడు.
బస్తాతో షేర్ ఆటో ఎక్కాను. ఇద్దరు దిగిపోయారు.

11 ఏప్రిల్
ఉడికించాను. మంజుల కిటికీలు తెరిచింది. పక్కింటివాళ్లు మూసుకున్నారు.

12 ఏప్రిల్. ఉదయం 7.00
మిక్సీలో రుబ్బాను. ఏం రంగు! దోమల జాలీ బిగించిన చట్రం మీద పోసి, పది కాగితాలు డాబా మీద ఆరేశాను. గుండ్రంగా వచ్చాయి. పర్వాలేదు, కొత్తగా ఉంటుంది.

13 ఏప్రిల్. మధ్యాహ్నం 1.15
అమ్మ ఫోన్.
"కొడుకా, మీద అప్పడాలు ఎండినయని నాలుగు ఏంచిన. ఉప్పు మర్చిపోయిన్రు."
"తిన్నవా?!"
"ఒకటి తిన్న. ఎంత నమిలినా తెగుతలేదు."
దవాఖానకు పోదామన్నాను. "ఫికర్ జెయ్యకు, అరుగుతది," అని పెట్టేసింది.
అమ్మకు ముందే చెప్పాల్సింది. మిగిలినవి ఆరు.

15 ఏప్రిల్, ఆదివారం
మొదటి కార్డు రాశాను. ఇంకు పాకింది. 'గృహ' అంతా మచ్చ. 'ప్రవేశం' ఒక్కటే మిగిలింది.
మంజుల చదివి, "మీ కాలేజీల సీట్లున్నయని రాసినవా?" అంది.

16 ఏప్రిల్
కాలేజీలో పరీక్షలు. తీరిక లేదు.

17 ఏప్రిల్
మబ్బు పట్టింది. ఎండబెట్టలేం కదా.

18 ఏప్రిల్. ఉదయం 8.20
ఇడ్లీ. చట్నీలో చిన్న కాగితం ముక్క. దాని మీద 'ప్లాట్లు అమ్మబడును'. మంజుల ఆ ముక్కను నా పళ్లెం అంచున పెట్టింది.

20 ఏప్రిల్, శుక్రవారం
గడువు. ఉన్నవి ఐదు. రెండింటికి బూజు.
"మూడేండ్ల సంది ఇల్లు ఇల్లని తిరిగిన. ఒక్క పని నీకు చెప్పిన," అంది మంజుల. నాకు తల ఎత్తాలనిపించలేదు.
ప్రెస్సుకు పరిగెత్తాను. పెళ్లిళ్ల సీజన్. మే నెలలోనే ఇస్తారట.

22 ఏప్రిల్, ఆదివారం
దారి ఒక్కటే. స్కూటర్, వెనక మంజుల, చేతిలో కుంకుమ భరిణె. ప్రతి ఇంటికీ పోయి పిలవడం. తుర్కయాంజాల్‌లో తొమ్మిది ఇళ్లు, తొమ్మిది చాయ్‌లు.
"కార్డేది?" అన్నారు మొదటి ఇంట్లో.
"మా అత్త తిన్నది," అంది మంజుల.
ఇల్లంతా నవ్వు. ఆమె కూడా! వారం తర్వాత ఆ నవ్వు విన్నాను. ఐదో ఇంటికి వచ్చేసరికి అమ్మ నలభై కార్డులు తినేసింది.

29 ఏప్రిల్. రాత్రి 7.30
గృహప్రవేశం అయింది. నూటయాభై మందికి వండిస్తే రెండు వందలు దాటారు. సగం మంది అమ్మను చూడ్డానికే వచ్చారు. అమ్మ కుర్చీ వేసుకుని అందరికీ దర్శనమిచ్చింది. రెండోసారి అన్నం వండించాం.

30 ఏప్రిల్, సోమవారం. ఉదయం 6.00
పెరట్లో నిన్నటి అరటాకులు గుట్టగా పడి ఉన్నాయి. అరటిలో నార ఎక్కువట. కాగితం గట్టిగా వస్తుందట. ఒక్క ఆకు కడిగి చూస్తున్నాను, అంతే.
వెనక అడుగుల చప్పుడు. మంజుల. కత్తిపీటతో!
నా పక్కనే పీట వాల్చుకుని కూర్చుంది.
"ఎంత సన్నగ కొయ్యాలె?" అంది.
అరటి కాగితానికి మొదటి రోజు. బాగా మొదలైంది.