వెతికితే పైన వచ్చే పేరు

వెబ్ పేజీలు చేసే అమ్మాయిగారికి,
కుట్టుమిషన్లు బాగుచేసేవాడు నమస్కరించి రాయునది. మీ ఆఫీసులో ఫోను ఎవరూ ఎత్తడం లేదు, అందుకని ఉత్తరం. షాపు ఈ సందులోకి మార్చాక గిరాకీ పడిపోయిందని మీ చేత పేజీ చేయించుకున్నాను. తీరా చూస్తే దాని నెత్తిన ‘హోమ్’ అని ఉంది. ఇది ఇల్లు కాదమ్మా, షాపు.
ఇట్లు,
మిషన్లాయన
తా.క. ఇల్లు మేడ మీద. అక్కడికి ఎవరూ రారు.

అయ్యా, నమస్కారం.
అది పేజీ టైటిల్. మార్చడం మరిచిపోయాం, తప్పు మాదే. ఎవరైనా వెతికితే ముందు కనబడేది ఆ ఒక్క వరుసే. పొట్టిగా, ముఖ్యమైన మాట మొదట వచ్చేలా ఉండాలి. మిమ్మల్ని వెతికే మనిషిని కళ్లముందు ఊహించుకోండి. ఆ మనిషి ఏ మాటలు కొడతారో అవే రాసి పంపండి.
ఇట్లు,
పేజీల అమ్మాయి

అమ్మా,
నన్ను వెతికే మనిషి ఎవరా అని మూడు రోజులు ఆలోచించాను. ఎవరూ తట్టలేదు. నాలుగో రోజు తమ్ముడు తట్టాడు. పదకొండేళ్ల కిందట మాటా మాటా పెరిగి వెళ్లిపోయాడు. చిన్నప్పుడు నన్ను ‘సూదన్న’ అనేవాడు. వెతికితే ఆ మాటే వెతుకుతాడు. కాబట్టి టైటిల్ ఇది: ‘సూదన్న ఇక్కడే ఉన్నాడు, కోపం లేదు’.
ఉంటాను,
మిషన్లాయన
తా.క. చోటు చాలకపోతే సూదన్నని తీసేయండి. కోపం లేదన్నది మాత్రం ఉంచండి.

బాబాయిగారూ,
ఆ టైటిల్‌తో మిషను చెడినవాళ్లెవరూ రారు. అందుకని మొదటి పేజీకి ‘కుట్టుమిషన్ రిపేరు, పాతవీ కొత్తవీ’ అని పెట్టాను. ఒక్కో పేజీకి ఒక్కో టైటిల్ ఉండాలి కనుక, మీ గురించి రాసిన పేజీకి సూదన్నని ఇచ్చాను. ఇది జరిగి నెలయింది.
ఇట్లు,
పేజీల అమ్మాయి
తా.క. రోజూ పదకొండింటికి ఎవరో ‘సూదన్న’ అని వెతికి ఆ పేజీ తెరుస్తున్నారు. మీ తమ్ముడేనేమో. చెప్పాలా వద్దా అని రెండు రోజులు ఆగాను.

అమ్మాయీ,
అది నేనే. లైబ్రరీ పదకొండింటికి తెరుస్తారు. అక్కడి కంప్యూటర్లో వెతికితే అందరికన్నా పైన నేనే వస్తున్నాను. ఎక్కడైనా మొదట రావడం నాకు ఇదే మొదలు.
ఇట్లు,
బాబాయి
తా.క. నీ ఉత్తరం చదివి నేనూ ఒక పూట ఆశపడ్డాను, వెతికేది నేనేనని గుర్తొచ్చేదాకా.

బాబాయిగారూ,
ఈ ఆఫీసంటే ఒక గది, నేను. లైబ్రరీకి సెలవైన రోజు మీ బదులు నేను వెతుకుతాను.
మీ
అమ్మాయి

అమ్మాయీ,
పోయిన వారం తమ్ముడు వచ్చాడు. మిషను భుజాన మోసుకొచ్చి, గుమ్మంలో నన్ను చూసి వెనక్కి తిరగబోయాడు. షాపు నాదని వాడికి తెలియదు.
‘సూదన్న అని వెతికావా?’ అన్నాను.
‘ఆ పేరే మరిచిపోయాను అన్నయ్యా. కుట్టుమిషన్ రిపేరు అని కొడితే ఈ షాపు పైన వచ్చింది’ అన్నాడు.
నీ మాటే నెగ్గింది. నేను కుర్చీ జరిపాను. వాడు కాసేపు నిలబడి, తర్వాత కూర్చున్నాడు.
ఇట్లు,
బాబాయి
తా.క. మిషన్లో దారం ఇరుక్కుంది, అంతే. పావుగంట పని. పది రోజులు పడుతుందని చెప్పాను. రోజూ వచ్చి ‘అయిందా?’ అని అడిగి, సాయంత్రం దాకా కూర్చుంటున్నాడు. ఇవాళ తొమ్మిదో రోజు. పొద్దున్నే చక్రం కూడా ఊడదీశాను.