బేరం తెలియని సారుకు

భానుచందర్ సారుకు, మడుగు ఒడ్డున ఎర్ర తువ్వాలతో నిలబడ్డ మనిషి నమస్కరించి రాస్తున్నాడు.

మొన్న మీరు వరంగల్ నుంచి సర్వేకు వచ్చి, "ఆనకట్ట నీళ్లలో ఈ మడుగు మునిగిపోకుండా కాపాడాలంటే ఏటా ఎంత ఇస్తారు?" అని అడిగారు. యాభై రూపాయలన్నాను. మీరు అదే రాసుకుని జీపెక్కారు.

సారూ, అది మొదటి మాట. మీరు ఐదువేలనాలి, నేను వెళ్లిపోతున్నట్టు నడవాలి, మీరు వెనక్కి పిలవాలి. అంగడిలో వంకాయలకైనా ఆ మర్యాద ఉంది.

నా భార్య కట్టమ్మ ఊరుకోవడం లేదు. "కొర్రమీన్లు, చాపలల్లే తుంగ, బర్లకు గడ్డి, అన్ని గలిపి యాభై రూపాయలేనా? నిన్ను అంగడికి తోలుడే నా తప్పు" అంటోంది.

దయచేసి ఆ యాభై కొట్టేసి మళ్లీ రండి. ఈసారి బేరం తొందరగా తెగనివ్వను. అది తెగేదాకా మడుగు మునగదు కదా.