ఆరో తూట

మార్చి 3, 1972

అన్న మిలిట్రీల నుంచి లీవు మీద వచ్చి నాలుగు రోజులు. పాకిస్తాన్ తోటి లడాయి డిసెంబర్లనే అయిపోయింది గాని అన్నకు అయిపోలే. అవ్వ రోట్లె కారం దంచుతుంటె పెదవులు కదిలిస్తున్నడు. రోకటి దెబ్బలు లెక్కపెడ్తున్నడు.

నాకు భయమైతున్నది. సిగ్గు గూడ. కాలేజీల నా సైకాలజీ పేపరు ‘సైనికులల్ల యుద్ధ భయం రాకుంట ఏం చెయ్యాలె’ అని. నేనే ఏరికోరి తీసుకున్న. కేసు ఇంట్లనే దొరుకుతదని హాస్టల్ల సంబరపడ్డ. ఎసొంటిదాన్నో చూడు.

మార్చి 5

దొంగతనంగ నోట్స్ రాస్తున్న. తిండి సగం. నిద్ర లేదు. కన్నంటుకున్నా సాయిలు, సాయిలు అని కలవరిస్తడు. ఎవరని అడిగితె లేచి పోయిండు. బాపు మాత్రం కొడుకుకు ఏం గాలేదని మరిపెడల అందరికి చెప్పుకుంట తిరుగుతున్నడు.

మార్చి 8, పొద్దుగూకినంక

మా చేన్ల తవ్వుతున్న కొత్త బాయిల రాయి తగిలింది. రాయికి బొక్కలు కొట్టి మందు తూటలు పెట్టి పేల్చిండ్రు. తూటలు పెట్టే బిక్షం తాత అంటించే ముందు ఎన్ని పెట్టిండో అరిచి చెప్తడు. గడ్డ మీదున్నోళ్లు చప్పుళ్లు లెక్కపెట్టాలె. ఒక్కటి తక్కువైనా, పేలనిది రాళ్లల్ల ఉంటదని ఆ దినం ఎవ్వరు దిగరు.

ఇయ్యాల ఆరు పెట్టిండ్రు. నాకు అయిదే వినవడ్డయ్. బిక్షం తాతకు గూడ అంతే. తెల్లారి తనే దిగి చూస్తనని పోయిండు.

ఇంటికొస్తే అన్న వడ్ల గుమ్మి ఎనక చెవులు మూసుకొని కూసున్నడు. ఎన్ని పెట్టిండ్రు, ఎన్ని పేలినయ్ అని నన్నే అడిగిండు. పుస్తకంల రీఅష్యూరెన్స్, అంటె భరోసా ఇచ్చుడు, అని ఒక చాప్టరే ఉన్నది. ఆరు పెట్టిండ్రు, ఆరూ పేలినయ్ అని చెప్పిన. నేనే లెక్కపెట్టిన అని గూడ చెప్పిన.

అన్న మొకం తేటవడ్డది. రెండుసార్లు అన్నం పెట్టించుకున్నడు. ఇప్పుడు గురక వెడ్తున్నడు. నోట్స్‌ల రాసిన, భరోసా పనిచేస్తదని. అండర్‌లైన్ గూడ కొట్టిన.

మార్చి 9, పది గంటలు

పొద్దున లేచేసరికి అన్న మంచం ఖాళీ. మంచిగ నిద్రవట్టింది, బాయిల రాళ్లు తీస్త, అన్నీ పేలినయంట గద అని అవ్వకు చెప్పి గడ్డపార వట్టుకొని పోయిండట.

చెప్పులు లేకుంటనే ఉరికిన. బిక్షం తాత ఇంకా రాలే. అన్న అడుగున ఉన్నడు. గడ్డపార ఎత్తి ఉన్నడు. పేలింది అయిదే, నేను అబద్ధం చెప్పిన అని ఒర్లిన.

గడ్డపార అట్లనే ఆగింది. చప్పుడు గాకుంట పక్కకు పెట్టి, ఒక్కొక్క అడుగు చూసుకుంట మీదికొచ్చిండు. తిట్టలే. తిడితె బాగుండు. పక్కన కూసొని చెప్పిండు, లడాయిల గూడ ఆఫీసర్ గిట్లనే చెప్పిండట, మందుపాతరలు అన్నీ పేలినయ్, దారి సాఫ్ అని. సాయిలు ముందు నడిచిండట, పేలకుంట మిగిలినదాని మీద అడుగు పడ్డదట.

బిక్షం తాత వచ్చి దిగిండు. ఆరోది రాతి సందుల ఉన్నదట, అన్న గడ్డపార వెయ్యబోయిన కాడికి జానెడు దూరం.

మార్చి 10

పేపరు ముట్టలే.

మార్చి 14

అన్నం ఉడికింది రా అని అన్నను పిలిచిన. వచ్చిండు. కుండ మూత తీసి చూసినంకనే కూసున్నడు.