పాత వెండి

మే నెల, మంగళవారం రాత్రి

వెండి ఎక్కువగా సీసం, జింకు గనుల్లో వాటితోపాటే వస్తుంది. ధర పెరిగినంత మాత్రాన తవ్వకం పెరగదు. గోదాముల్లో నిల్వలు తరిగితే ఇళ్లలోని పాత వెండే దిక్కు. అందుకే నా వెండి అమ్మకుండా ఉంచాను.

ఈరోజు హనుమాన్ జంక్షన్ వెండి కొట్లో అక్క, చనిపోయిన కూతురి పట్టీలు బయటకు తీసింది.

"నిల్వలు తగ్గుతున్నాయక్కా. ఇంకా పెరుగుతుంది, ఆగు" అన్నాను.

"పూత మీదే మామిడితోట కాపు అమ్మకుండా ధర కోసం ఆగాను. గాలివానకి కాయంతా రాలిపోయింది. ఇంకా ఆగమంటావేంట్రా?"

కొట్టాయన మువ్వలు కత్తిరించి, పట్టీలు మాత్రమే తూచాడు.

"వీటిలో అతుకు పెట్టిన వేరే లోహం ఉంటుందండీ, తూకంలోకి రావు" అంటూ మువ్వలు తిరిగిచ్చాడు. అక్క కొంగున ముడేసుకుంది.

పట్టీలు ఇక సరఫరా లెక్కలో పాత వెండి. మువ్వలు మాత్రం ఆగిరిపల్లి దాకా, బండి గతుకులో పడ్డప్పుడల్లా, నా వెనక మోగాయి.